తెరమీది రోడ్డు, చక్రం కింది రోడ్డు

ఉత్తర ఫిన్లాండ్‌లో చలికాలం కారు బయటికి తీసేవాళ్లు ముందు రెండు పనులు చేస్తారు. రాత్రంతా చలికి బిగుసుకుపోయిన ఇంజనుకు కరెంటు హీటరు పెట్టి వేడెక్కనిస్తారు. అది వేడెక్కేలోపు ఫోను తీసి, వెళ్లే దారిలో రోడ్డు కెమెరాలు ఏం చూపిస్తున్నాయో చూస్తారు. ప్రధాన రహదారుల పక్కన స్తంభాలకు బిగించిన ఈ కెమెరాలు వేగం పట్టుకుని జరిమానా వేసేవి కావు. రోడ్డును ఫొటో తీసి, సుమారు పది నిమిషాలకోసారి కొత్త ఫొటో అందరి ముందూ పెడతాయి. ఫిన్లాండ్‌లో ఈ పని చూసేది ఫిన్‌ట్రాఫిక్ అనే ప్రభుత్వ సంస్థ. సరిహద్దు దాటితే నార్వే రోడ్ల శాఖ కెమెరాలుంటాయి.

ఈ సంవాదంలో మాట్లాడేవాళ్లిద్దరూ అక్కాతమ్ముళ్లు. తమ్ముడు ఔలు నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్క ఆర్కిటిక్ వలయానికి బాగా పైన, ఇవాలో చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి ముసలివాళ్లకు ఇంజెక్షన్లు చేసి కట్లు కట్టే నర్సు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని సంక్రాంతి సెలవుల్లో కారులో నార్వే తీరాన ఉన్న ట్రోమ్సోకు తీసుకెళ్లాలని తమ్ముడి ఆలోచన. తోర్నియో నుంచి ఈ8 రహదారి మీదే సాగితే అది స్వీడన్ సరిహద్దు వెంట పైకి వెళ్లి, కిల్పిస్‌యార్వి దగ్గర నార్వేలోకి దాటి, సముద్రం దాకా దిగుతుంది. అక్క వద్దంటుంది. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను, అక్క వైపే. అయితే తమ్ముడి మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి. అందుకే ఇద్దర్నీ మాట్లాడనిస్తున్నాను.

తమ్ముడు: నువ్వు లేనిపోని భయం పెట్టుకున్నావక్కా. ఈ8 మీద దారి పొడవునా కెమెరాలున్నాయి. ముయోనియోలో మంచు పడుతోందా, కిల్పిస్‌యార్విలో గాలి లేచిందా, అంతా సోఫాలో కూర్చునే తెలుస్తుంది. అన్నీ తెలుసుకుని బయల్దేరేవాణ్ణి పట్టుకుని తొందరపడుతున్నావంటే ఎలా?

అక్క: అరచేతిలో వైకుంఠం చూసి బండి తీస్తానంటున్నావు, నా బెంగ అది. సరే, కెమెరా చూస్తావు. చూసి ఏం చేస్తావు?

తమ్ముడు: బావుంటే వెళ్తాం. బాగాలేకపోతే మానేస్తాం.

అక్క: నిజంగా మానేస్తావా? ట్రోమ్సోలో హోటలుకు డబ్బు కట్టేశావు, అది వాపసు రాదు. సముద్రంలోకి పడవ టిక్కెట్లు కొన్నావు. అమ్మావాళ్ల తిరుగు విమానం ఆ వారాంతమే. ఆకాశంలో రంగుల కాంతులు చూడబోతున్నామని నాన్న ఊళ్లో అందరికీ ఫోన్లు చేసి చెప్పేశాడు. ఇన్ని పెట్టుకుని ఫొటో ముందు కూర్చుంటే నీ కంటికి రోడ్డంతా పరుచుకున్న మంచు ఆనదు. మధ్యలో నల్లగా కనపడే రెండు చక్రాల జాడలే ఆనుతాయి. 'పర్లేదు, దారి కనపడుతోంది' అంటావు.

తమ్ముడు: అది చూసేవాడి తప్పు, కెమెరాది కాదు కదా.

అక్క: నేను మాట్లాడుతున్నదే ఆ చూసేవాడి గురించి. కెమెరా ఎంత మంచిదైనా దాన్ని చూసేది వెళ్లాలని మనసులో ఖాయం చేసుకున్న మనిషి.

తమ్ముడు: అయితే చూడటం నేర్చుకోవాలి. ఒక్క ఫొటో చూసి తాళాలు తీసుకునేవాళ్లను నేనూ సమర్థించను. ఫిన్‌ట్రాఫిక్ దగ్గరున్న సమాచారమంతా డిజిట్రాఫిక్ అనే సేవ ద్వారా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. గడిచిన ఇరవైనాలుగు గంటల ఫొటోలు కూడా అందులో ఉంటాయి. నేను వాటిని వరసగా పెట్టి చూస్తాను. రాత్రి పదింటికి రోడ్డు అంచున గీత కనపడుతోంది. రెండింటికి గీత పోయింది. నాలుగింటికి మంచు తోసే బండి వెళ్లిన జాడ ఉంది. ఆరింటికి మళ్లీ అంతా తెల్లగా అయింది. అంటే బండి తోస్తున్న దానికంటే పడుతున్నది ఎక్కువ, ఇంకో రెండు గంటలు ఆగాలి. నువ్వు పేషెంటు ఇంటికెళ్తే ఒక్కసారి జ్వరం చూసి వచ్చేస్తావా? చార్టు చూస్తావు. ఇదీ చార్టే.

అక్క: చార్టు సంగతి బాగా చెప్పావు, కాదనను. కానీ చార్టు తిరగేసే ఓపిక ఎంతమందికి ఉంది? ట్రోమ్సోలో విమానం దిగి, అక్కడే కారు అద్దెకు తీసుకుని, జీవితంలో మొదటిసారి మంచుమీద నడిపేవాళ్లున్నారు. మనవాళ్లూ వస్తున్నారు. వాళ్లకు ఈ కెమెరాలున్న సంగతే తెలియదు. తెలిస్తే మరీ భయం నాకు.

తమ్ముడు: తెలిస్తే భయమేంటి?

అక్క: తెలియనివాడు జంకుతూ నెమ్మదిగా పోతాడు. ఫొటో చూసినవాడు ముందు రోడ్డు బావుందన్న ధీమాతో పోతాడు. ఆ ధీమా యాక్సిలరేటర్ మీదికి దిగుతుంది.

తమ్ముడు: తెలియకపోవడమే క్షేమమని చెప్పడం నాకు మింగుడుపడదు. అలాస్కా సంగతి విను. అక్కడ చాలా ఊళ్లకు రోడ్డు లేదు, చిన్న విమానాలే దిక్కు. కొండ కనుమల్లో మబ్బులోకి దూరి ఎందరో పైలట్లు పోయేవారు. అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ 1999లో అక్కడ వాతావరణ కెమెరాలు పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు రెండు వందల పైచిలుకు చోట్ల ఉన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇప్పటి ఫొటో పక్కనే ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు తీసిన ఫొటో పెడతారు. ఆ కొండ ఇన్ని మైళ్లు, ఈ చెట్ల వరస ఇన్ని మైళ్లు అని దానిమీద రాసి ఉంటుంది. ఇవాళ కొండ కనపడకపోతే చూపు ఎంత దూరం పారుతోందో క్షణంలో తెలిసిపోతుంది. రోడ్డుకూ అదే చేయొచ్చు. మంచు తోసే బండ్లకు అంచు తెలియాలని రోడ్డుకు అటూ ఇటూ పొడుగాటి కర్రలు పాతుతారు కదా, లైటు పడితే మెరిసే పట్టీ చుట్టి. నిన్న మధ్యాహ్నం ఫొటోలో పది కర్రలు కనపడ్డ చోట ఇవాళ మూడే కనపడితే, నాలుగో కర్ర దగ్గర ఏముందో డ్రైవరుకు తెలియదన్నమాట.

అక్క: కర్రలు లెక్కపెట్టడం బావుంది. ఆ పని నేనూ చేస్తాను, ఫొటోలో కాదు, అద్దంలోంచి చూస్తూ. కానీ పైలట్‌ను తీసుకొచ్చి కారువాడి పక్కన నిలబెట్టకు. పైలట్‌కు వాతావరణం చదవడం నేర్పి, పరీక్ష పెట్టి, అప్పుడు లైసెన్సిస్తారు. కళ్లతో చూసి నడిపే పైలట్‌కు చూపు ఇంత దూరం పారకపోతే ఎగరకూడదన్న నియమం ఉంది. కారువాడికి ఏ నియమం ఉంది? కర్ర కనపడకపోయినా వెళ్లొచ్చు, వెళ్తాడు.

ఇక్కడ నాదో మాట. అలాస్కాలో కెమెరాలు పనిచేశాయంటే ఫొటో ఒక్కటే కారణం కాదు. ఎగరకుండా ఆగిపోవడం పైలట్ల వృత్తిలో గౌరవమైన నిర్ణయం. మంచుదారిలో ప్రయాణం మానుకున్న కుటుంబానికి ఆ గౌరవం ఇంకా దక్కడం లేదు. ఇంతోటిదానికి భయపడ్డారా అన్న మాటే వినపడుతుంది. అక్క అసలు పట్టుకున్న సంగతి దీని తర్వాత వస్తుంది.

అక్క: నీ ఫొటోలో తెల్లరోడ్డు చూస్తే అమ్మ గుండె పట్టుకుంటుంది. నాకు తెల్లరోడ్డంటే భయం లేదు. నల్లరోడ్డంటేనే భయం. తారు తడిసినా నల్లగానే ఉంటుంది. దానిమీద గాజులాంటి మంచు పొర కట్టినా నల్లగానే ఉంటుంది. స్తంభం మీది కెమెరాకు రెండూ ఒకటే. రెండు చోట్లా లైటు ఒకేలా మెరుస్తుంది.

తమ్ముడు: అందుకే ఫొటో కింద అంకెలుంటాయి. కెమెరాతోపాటు చాలా చోట్ల రోడ్డు వాతావరణ కేంద్రం కూడా ఉంటుంది. గాలి ఎంత చల్లగా ఉంది, రోడ్డు పైపొర ఎంత చల్లగా ఉంది, తేమ ఎంత, గాలివేగం ఎంత అన్నీ కొలుస్తుంది. ఇక్కడి వైసాలా కంపెనీ రోడ్డును ముట్టుకోకుండా, పక్కనుంచి పరారుణ కిరణాలు పంపి, పైనున్నది నీళ్లా, మంచుగడ్డా, మెత్తటి మంచా అని విడదీసి చెప్పే పరికరం ఎప్పుడో తయారుచేసింది. 1936 నుంచీ వాతావరణ పరికరాలు చేస్తున్న కంపెనీ అది. నీ నల్లరోడ్డు గుట్టు అది పట్టేస్తుంది.

అక్క: అది ఉన్న చోట పట్టేస్తుంది. అక్కణ్నుంచి మూడు కిలోమీటర్లు పోతే వంతెన వస్తుంది. వంతెనకు కింద కూడా చలిగాలే, నేల వెచ్చదనం ఉండదు, అందుకే ముందు అదే గడ్డకడుతుంది. ఇంకొంచెం పోతే సరస్సు ఒడ్డు, అక్కడ తేమ ఎక్కువ. ఆ తర్వాత చెట్ల నీడలో పల్లం. రెండు కేంద్రాల మధ్య ముప్ఫై, నలభై కిలోమీటర్లుంటే ఆ మధ్యలో రోడ్డు ఎలా ఉంటుందో ఎవరు చెప్పాలి?

తమ్ముడు: పూర్తిగా తెలియడం లేదని తెలిసినంత కూడా వదిలేయమంటావా?

అక్క: వదిలేయమనను. అంకెల్లో ఏది చూడాలో చెబుతాను విను. అందరూ మైనస్ ముప్ఫై చూసి హడలిపోతారు. ఆ చలి మనిషికి ప్రమాదం, బ్యాటరీకి ప్రమాదం, టైరుకు అంత కాదు. బాగా చలిలో మంచు పొడిగా, గరుకుగా ఉంటుంది. టైరు పట్టుకుంటుంది. మైనస్ రెండు నుంచి ప్లస్ ఒకటి దాకా చూడు, నా ప్రాణం అక్కడ గిలగిల్లాడుతుంది. మంచు పైన సన్నటి నీటిపొర తేలుతుంది, టైరుకు ఆధారం దొరకదు. ఎనభైలో పోతూ బ్రేకు తొక్కితే పొడి తారుమీద ముప్ఫై మీటర్ల చిల్లరలో ఆగుతావు. అణిగిన మంచుమీద ఎనభై నుంచి నూట ఇరవై దాకా పోతావు. తడి మంచుగడ్డమీద రెండు వందల యాభై మీటర్లు. బ్రేకు తొక్కాలని నీకు తట్టడానికి పట్టే ఒక్క సెకనులో ఇంకో ఇరవైరెండు మీటర్లు అదనం.

తమ్ముడు: అరవైలో పోతే?

అక్క: ఆ గడ్డమీద అరవైలో పోయినా నూట నలభై. అందుకే టైర్ల గురించి అడుగుతున్నాను. నీ కారుకు మేకుల టైర్లు లేవు కదా?

తమ్ముడు: మేకుల్లేని చలికాలపు టైర్లు వేయించాను. చట్టానికి అవి చాలు. నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం అడిగితే చలికాలపు టైర్లుండాలంటుంది కానీ మేకులుండాలని అనదు. ఔలులో వాటితో ఏ ఇబ్బందీ లేదు.

అక్క: ఔలు బల్లపరుపు నేల. రోడ్డు నిటారుగా దిగేది కిల్పిస్‌యార్వి దాటాక. అక్కడ చెరువే సముద్రమట్టానికి నాలుగు వందల డెబ్భై మీటర్ల పైన ఉంది. అక్కణ్నుంచి యాభై కిలోమీటర్లలోపే స్కిబొట్న్ దగ్గర సముద్రాన్ని తాకుతావు. పైన గట్టి చలి ఉండి, కింద సున్నా దాటే రోజులుంటాయి. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల ట్రోమ్సో తీరం అంత ఉత్తరాన ఉండి కూడా సున్నా చుట్టూ ఊగిసలాడుతుంది. గడ్డకట్టిన నేలమీద జనవరిలో వాన పడుతుంది. నువ్వు ఫిన్లాండ్ కెమెరాలన్నీ చూసి, చక్కటి పొడిమంచు రోడ్డని మురిసిపోయి, ఆ ఊపులో లోయలోకి దిగుతావు. అప్పుడు మొదలవుతుంది అసలు రోడ్డు.

తమ్ముడు: నార్వే కెమెరాలు కూడా చూస్తానుగా. ఆ లోయ సంగతి అక్కడివాళ్లకు బాగా తెలుసు. ముయోనియో ప్రాంతంలో ఫిన్లాండ్ 'అరోరా' పేరుతో, సరిహద్దు నుంచి స్కిబొట్న్ దాకా నార్వే 'బొరియాలిస్' పేరుతో ఇదే రోడ్డుమీద పరికరాలు బిగించి ప్రయోగాలు చేశాయి. ఆర్కిటిక్ చలిలో రోడ్డు తన పరిస్థితి తానే వాహనాలకు చెప్పుకునేలా చేయాలని. ఇంత కష్టపడి పెట్టినదాన్ని వాడుకోవద్దంటే ఎలా?

అక్క: ఈ రోడ్డుమీద ఎందుకు పెట్టారో తెలుసా? ఉత్తర నార్వే చేపలు చాలావరకు లారీల్లో ఇటు వస్తాయి. బరువైన లారీలు ఆ లోయలో ఎక్కలేక, దిగలేక అడ్డం తిరుగుతాయి కాబట్టి. ఆ లారీల గురించే ఇంకోటి చెప్పాలి. నువ్వు వాటికి ఎదురు నడిపావా, పొడిమంచు పరుచుకున్న రోజు?

తమ్ముడు: ఒకటి రెండుసార్లు.

అక్క: లారీ నీ పక్కనుంచి దాటిపోగానే దాని వెనక మంచుపొడి మేఘంలా లేస్తుంది. అద్దం మొత్తం తెల్లగా అయిపోతుంది. హెడ్‌లైట్లు పెంచితే ఇంకా తెల్లగా అవుతుంది. కొన్ని సెకన్లు గుడ్డివాడివే. స్టీరింగు కదపకుండా, బ్రేకు గట్టిగా తొక్కకుండా, కుడి పక్క కర్ర ఎప్పుడు కనపడుతుందా అని చూడాలి. ఆ మేఘం వెనకే ఇంకో లారీ ఉండొచ్చు. నీ ఫొటోలో ఆ రోడ్డు ఎంతో ప్రశాంతంగా ఉంటుంది, ఎందుకంటే అది తీసిన క్షణంలో లారీ లేదు. పది నిమిషాలకోసారి కన్ను తెరిచేదానికి ఆ పది సెకన్లు ఎలా దొరుకుతాయి?

తమ్ముడు: రెయిన్‌డీర్లు కూడా దొరకవులే, నువ్వు చెప్పకముందే చెబుతున్నాను.

అక్క: అదే చెప్పబోయాను. ఫిన్లాండ్‌లో ఏటా దాదాపు నాలుగు వేల రెయిన్‌డీర్లు బండ్లకింద పడి చస్తున్నాయి. నవంబరు, డిసెంబరుల్లో మరీ ఎక్కువ. అడవిలో నడుంలోతు మంచు, రోడ్డు శుభ్రంగా తోసి ఉంటుంది, అవి మాత్రం ఎక్కడ నడుస్తాయి? ఒకటి దాటిందని నువ్వు వేగం పెంచితే మందలో మిగిలినవి అప్పుడు వస్తాయి. వాటికి మాత్రం ఇక్కడ ఒక మంచి ఏర్పాటుంది, పోరొకెల్లో అని. రెయిన్‌డీరు కనపడ్డ డ్రైవరు మీట నొక్కితే వెనక వచ్చేవాళ్ల ఫోన్లలో హెచ్చరిక మోగుతుంది. నాకు కెమెరా కంటే దానిమీద గురి. ఆ నిమిషంలో ఆ రోడ్డుమీద ఉన్న మనిషి చెప్పేది అది.

తమ్ముడు: రెండూ ఉండాలంటాను. కెమెరా ఇంట్లో ఉన్నప్పుడు పనికొస్తుంది. పోరొకెల్లో దారిలో పనికొస్తుంది. నడుపుతూ ఫొటోలు చూడమని నేననలేదు.

అక్క: నువ్వనలేదు. కానీ చూస్తారు. పక్కన కూర్చున్నవాళ్ల చేత చూపించుకుంటారు. ఇంకోటి, నా దారుల సంగతి. ఇవాలో ఊరు దాటి అడవిలోకి మళ్లితే కెమెరా ఉండదు, వాతావరణ కేంద్రం ఉండదు. పెద్దరోడ్డు తోయడం అయ్యాక మంచు తోసే బండి నా రోడ్డుకొస్తుంది. ఆ చివరింట్లో ఒక పెద్దాయన ఇన్సులిన్ కోసం పొయ్యి పక్కన కూర్చుని ఉంటాడు. జనవరి మొదటి వారంలో ఇవాలోలో సూర్యుడు లేవడు. మధ్యాహ్నం పన్నెండింటికి నీలంగా కాస్త వెలుగు, తర్వాత చీకటి. నేను కారు మలుపులో ఆపి, దిగి, బూటుతో రోడ్డును రుద్ది చూస్తాను. జారితే నలభైలో పోతాను. ఆయనకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెబుతాను. నాకున్న సాధనం ఆ బూటు. పెద్దరోడ్ల మీద ఇంకో వంద కెమెరాలు పెట్టడానికి డబ్బుంటే, అందులో కొంత నా రోడ్డును ఒక గంట ముందు తోయడానికి పెట్టమంటాను.

తమ్ముడు: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయితే ఒకటి ఆలోచించు. ఏ రోడ్డు ముందు తోయాలో తేల్చుకోవడానికి ఆ తోసేవాళ్లు కూడా ఇవే కెమెరాలు చూస్తారు. కెమెరా లేని కాలంలో మనిషి కారేసుకుని తిరిగి చూసి రావలసి వచ్చేది. అర్ధరాత్రి మంచు మొదలైతే ఉదయం ఫిర్యాదు వచ్చేదాకా తెలిసేది కాదు. నీ రోడ్డుకు కెమెరా లేదని కెమెరాను తప్పుపట్టే బదులు, నీ రోడ్డుకూ ఒకటి కావాలని అడగాలి కదా?

అక్క: అడుగుతాను. తోసేవాళ్లు చూసుకోవడానికైతే రెండు చేతులా దండం పెట్టి అడుగుతాను. వాళ్లు చూసి బండి పంపుతారు. నువ్వు చూసి కారు తీస్తావు. తేడా అదే.

తమ్ముడు: అంటే మామూలు మనిషి చేతికి సమాచారం ఇవ్వకూడదా? పైవాళ్లే చూసి, పైవాళ్లే తేల్చాలా?

అక్క: కొన్ని చోట్ల పైవాళ్లే తేల్చాలి. నార్వేలో చేస్తున్నారు. కొండమీద గాలి లేస్తే గేటు వేసేస్తారు. కొంచెం తగ్గితే వరసకట్టి పంపిస్తారు. ముందు మంచు తోసే బండి, దాని వెనక కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి. మధ్యలో ఆగకూడదు, వరస వదలకూడదు. సరైన బట్టల్లేకపోయినా, టైర్లు బాగాలేకపోయినా నిన్ను రానివ్వనని చెప్పే హక్కు వాళ్లకుంది. నార్డ్‌కాప్ కొసకు పోయే ఈ69 మీద ఆఖరి పదమూడు కిలోమీటర్లు చలికాలమంతా అంతే. టైమ్ ప్రకారం వరసలో పోవాలి, లేకపోతే లేదు. అక్కడ హోటలు డబ్బు పోతుందని ఎవరూ మనసుతో బేరమాడుకోరు, గేటు పడింది కాబట్టి.

తమ్ముడు: నార్వే కొండలకు అది తగును. ఫిన్లాండ్ బల్లపరుపు దేశం, రోడ్లు అరుదుగా మూస్తారు. ఇక్కడి పద్ధతి వేరు. రోడ్డు పరిస్థితి మామూలు, చెడ్డది, చాలా చెడ్డది అని మూడు మెట్లుగా చెబుతారు. చలికాలం వంద ఉన్న చాలా రోడ్లమీద ఎనభైకి దించుతారు. ఫొటోలు, అంకెలు ముందు పెడతారు. ఆ తర్వాత నిర్ణయం నీది. పౌరుణ్ణి పెద్దమనిషిగా చూసే పద్ధతి ఇది. నాకిదే గౌరవంగా అనిపిస్తుంది. పైగా గేటు పడితే నీ పెద్దాయనకు ఇన్సులిన్ ఎలా అందుతుంది?

అక్క: గేటు పడితే అంబులెన్సుకూ మంచు తోసే బండికీ వాళ్లే దారి చేస్తారు. అసలు సమస్య అది కాదు, ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి పెద్దమనిషిగా చూడటం సరే. పదేళ్లప్పుడే తండ్రి పక్కన కూర్చుని రోడ్డు చదవడం నేర్చుకున్నాడు, లైసెన్సు కోసం జారే ట్రాక్ మీద శిక్షణ తీసుకున్నాడు. విజయవాడలో లైసెన్సు తీసుకుని, ఇక్కడికొచ్చి మార్పించుకున్నవాడికీ అతనికీ ఒకటే ఫొటో చూపించి నిర్ణయం నీదే అంటే నాకది గౌరవంగా తోచదు. వదిలేయడంగా తోస్తుంది.

తమ్ముడు: అయితే ఫొటోతోపాటు చదవడం కూడా నేర్పాలి. కారు అద్దెకిచ్చే చోట పది నిమిషాలు కూర్చోబెట్టి ఈ కర్రలూ, ఈ రోడ్డు ఉష్ణోగ్రతా, సున్నా దగ్గరి ప్రమాదం చెప్పాలి. నువ్విప్పుడు నాకు చెప్పినట్టు. ఆ పని ఎవరూ చేయడం లేదన్నది నాకూ బాధే. కానీ కెమెరా తీసేస్తే ఆ బాధ తీరదు.

ఈ ఒక్క చోట నేను తమ్ముడితో ఉన్నాను. గేటు పెట్టగలిగిన కొండ దారులు కొన్నే. మిగతా వేల కిలోమీటర్లలో ఆగడమో పోవడమో డ్రైవరే తేల్చుకోవాలి. అతని చేతిలో ఫొటో లేకపోతే ఉండేది కిటికీలోంచి కనపడే ఆకాశం మాత్రమే. కిటికీ దగ్గర నిర్మలంగా ఉన్న ఆకాశానికి, మూడు వందల కిలోమీటర్ల అవతల లేచిన గాలికి సంబంధం ఉండదు. అయితే ఆ ఫొటోను ఎవరు చూడాలన్న ప్రశ్నకు అక్క చెప్పిన జవాబు నాకు ఇంకెక్కడా తగల్లేదు.

తమ్ముడు: సరే, చివరికి ఏం చేయమంటావు? కెమెరా చూడొద్దా?

అక్క: నువ్వు చూడొద్దు. నేను చూస్తాను.

తమ్ముడు: అదేంటి?

అక్క: నాకు ట్రోమ్సోలో హోటలు లేదు, పడవ టిక్కెట్టు లేదు. నాన్న ఎవరికి మాటిచ్చాడన్నది నా పట్టింపు కాదు. ప్రయాణంలో లేని మనిషి ఫొటో చూడాలి. వెళ్లేవాడి కంటికి కనపడనిది ఇంట్లో కూర్చున్నవాళ్లకు కనపడుతుంది. పొద్దున ఆరింటికి ఫొటోలూ అంకెలూ చూసి, వెళ్లమనో ఆగమనో నేను చెబుతాను. ఆగమంటే ఎదురు చెప్పకూడదు.

తమ్ముడు: నువ్వెప్పుడూ ఆగమనే అంటావు.

అక్క: అనను. మైనస్ పద్ధెనిమిది, గాలి లేదు, రోడ్డు తెల్లగా గట్టిగా ఉంది, కింద స్కిబొట్న్‌లో మైనస్ ఆరు ఉందనుకో, హాయిగా వెళ్లిరమ్మంటాను. పైన మైనస్ ఐదు, కింద ప్లస్ ఒకటి, నిన్న సాయంత్రం వాన పడిందనుకో, ఎండ కాసినా వెళ్లొద్దంటాను.

తమ్ముడు: అంటే ముందే ఒక రోజు ఖాళీగా వదిలి పెట్టుకోవాలన్నమాట.

అక్క: రెండు రోజులు. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. ఒక్క రోజులో మొత్తం దారి నడపొద్దు. కిల్పిస్‌యార్విలో రాత్రి ఆగండి. పొద్దున కాస్త వెలుగొచ్చాక దిగండి. బయల్దేరేముందు అక్కణ్నుంచి మళ్లీ నాకు ఫోన్ చేయాలి, లోయ కెమెరాలు అప్పుడు కొత్తగా చూడాలి. ముందు రోజు చూసింది పనికిరాదు. ట్యాంకు సగానికి తగ్గనివ్వకు. వెనక సీట్లో దుప్పట్లూ, అమ్మకూ నాన్నకూ మందపాటి బూట్లూ. డిక్కీలో పెడితే తలుపు గడ్డకట్టి తెరుచుకోదు. అద్దం తుడిచే నీళ్లు మైనస్ ముప్ఫైకి తట్టుకునేవి పోయించు. దారిలో ఆకాశం రంగులు తిరిగిందని రోడ్డుమీద ఆపొద్దు, ఎంత అందంగా ఉన్నా. పక్కకు మళ్లే చోటు దొరికేదాకా పోవాలి. ఏదైనా అయితే 112. ఫోన్లో ఇక్కడి 112 యాప్ పెట్టుకో, ఫిన్లాండ్‌లో ఉన్నంతసేపు దాన్నుంచి ఫోన్ చేస్తే నువ్వెక్కడున్నావో వాళ్లకు దానంతటదే పోతుంది.

తమ్ముడు: హోటలుకు ఫోన్ చేసి తేదీ మార్చుకోవచ్చేమో అడుగుతాను. మార్చకపోతే ఆ డబ్బు వదిలేసుకుంటాను. మేకుల టైర్లు కూడా వేయిస్తాను, ఉత్తర నార్వేలో ఏప్రిల్ ఆఖరు దాకా వాడొచ్చు కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ నేనూ ఒక షరతు పెడతాను. నువ్వు ఒక్క ఫొటో చూసి తేల్చడానికి వీల్లేదు. దారిలో ఉన్న కెమెరాలన్నిటివీ ఇరవైనాలుగు గంటల ఫొటోలు వరసగా పేర్చి, పక్కన రోడ్డు ఉష్ణోగ్రత గీత గీసి నీకు పంపేలా చిన్న ప్రోగ్రాం రాస్తాను. అది మొత్తం చూశాకే చెప్పాలి.

అక్క: చూస్తాను. గాలివేగం కూడా పెట్టు. ఏ దిక్కునుంచి వీస్తోందో అదీ పెట్టు. ముయోనియో దాటాక చెట్లు తగ్గిపోతాయి, అక్కడ నాకు దిక్కు కావాలి.